గోడలో గురక

కోటిపాడులో గుత్తుల త్రిమూర్తులు దుకాణం ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. గురక టైలర్ ఎక్కడని అడిగితే మాత్రం చేస్తున్న పని ఆపి మరీ దగ్గరుండి దిగబెడతారు. బోర్డు మీద కూడా అలాగే ఉంటుంది. మొదట అసలు పేరే రాయించాడు గాని, ఆ పేరు ఊరివాళ్ళ నోటికి ఎక్కక, పెయింటరు మళ్ళీ రంగులు వేసినప్పుడు తనంతట తనే 'గురక టైలర్స్, జాకెట్లు చొక్కాలు కుట్టబడును' అని మార్చేశాడు. త్రిమూర్తులు చూసి నవ్వి ఊరుకున్నాడు. గిరాకీ పెరిగింది కూడాను.

అసలు సంగతేమిటంటే, త్రిమూర్తులు బుద్ధెరిగాక ఒక్కనాడూ గురక పెట్టి ఎరగడు. ఆ ఇంట్లో గురక పెట్టేది ఆయన భార్య మంగతాయారు. ఈ సంగతి ఊరికి తెలియదు. తాయారుకూ తెలియదు.

ఇదెలా జరిగిందంటే, పెళ్ళయిన మూడోనాడు అత్తవారింట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక బంధువులంతా వసారాలో వరసగా చాపలేసుకుని నడుం వాల్చారు. కాసేపటికి ఆ వరసలోంచి ఒక గురక బయల్దేరింది. మొదట సన్నగా మొదలై, అంతలో రైసుమిల్లు పట్టాలా ఊపందుకుని, టక్కున ఆగిపోయి, విన్నవాళ్ళంతా ఏమైందోనని కంగారుపడేలోగా ఒక చిన్న ఈలతో ముగిసింది. మళ్ళీ మొదలు. జనం లేచి కూర్చుని ఎవరర్రా అది అంటూ చూసుకోసాగారు. మేనత్త ఒకావిడ, దుప్పటి ముసుగేసుకున్న కొత్త పెళ్ళికూతురి వైపు అనుమానంగా జరిగి ముసుగు మీద చెయ్యి వేసింది.

"నాదేనండి," అన్నాడు త్రిమూర్తులు.

వసారా అంతా ఘొల్లుమంది. ఆ నవ్వులకి మెలకువొచ్చిన తాయారు, విషయం తెలుసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ నవ్వు త్రిమూర్తులికి ఎంత నచ్చిందంటే, దానికోసం ఒక్క అబద్ధమేమిటి, ఇంకో పది చెప్పినా నష్టం లేదనిపించింది. అత్తగారు ఒక్కతే నవ్వలేదు. అల్లుడి మొహంలోకి ఓసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి విస్తట్లో ఆయనకి నెయ్యి కాస్త ఎక్కువ పడింది.

అప్పట్నుంచీ ముప్పై ఏళ్ళుగా తాయారు మొగుడి గురకకి వైద్యం చేస్తూనే ఉంది. ముక్కులో ఆవునెయ్యి చుక్కలు వేసింది, రాత్రిళ్ళు పెరుగు మాన్పించింది, తలకింద దిండు తీసేసి ఇటుక పెట్టింది. దోసెల పిండి రుబ్బి అమ్మే మనిషి కాబట్టి ఇంటికి రోజూ నలుగురు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. వాళ్ళతో, ఈయన గురకతో నాకు కంటిమీద కునుకుండదమ్మా అని వాపోయేది. పగలంతా పిండితో కుస్తీ పట్టే మనిషి, తల వాల్చడం ఆలస్యం, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేది. త్రిమూర్తులికి ఆ గురక వింటే గాని నిద్ర పట్టేది కాదు. ఆవిడ పుట్టింటికి వెళ్తే ఆయన దూలాలు లెక్కపెట్టుకుంటూ పడుకునేవాడు.

ఆయనకి ఉన్నది ఒక్కటే భయం. తాయారుకి గురకపెట్టే ఆడవాళ్ళంటే గిట్టదు. అక్క కూతురు ఒకతె వచ్చి పడుకుని చిన్న గురక తీస్తే, ఆడపుట్టుక పుట్టి అదేం రోగమే అని తెల్లారేదాకా సాధించింది. అలాంటి మనిషికి నిజం తెలిస్తే ఏమైపోతుందోనని త్రిమూర్తులు బెంగ. తెలియకుండానే ఈ జన్మ గడిచిపోయేది కూడా, ఊరికి విభూషణరావుగారు రాకపోయి ఉంటే.

విభూషణరావుగారు మున్సిపాలిటీకి ప్రత్యేకాధికారి. ఇక్కడికి రాకముందు ఆయన ఏదో శిక్షణ కోసం కొండమీది హోటల్లో వారం రోజులు ఉండాల్సి వచ్చింది. గదికి ఇద్దరు. రెండోవాడు ఆయన పై అధికారి. పై అధికారి గురకపెట్టాడు. పై అధికారిని తట్టి లేపడానికి సర్వీసు నిబంధనల్లో వీలు లేదు. ఆ వారమంతా మంచం మీద కూర్చుని విభూషణరావుగారు దేశం ఎందుకు వెనకబడిందా అని ఆలోచించారు. గురక వల్ల పక్కవాడికి నిద్ర ఉండదు. ఇంట్లో నిద్ర లేనివాడు ఆఫీసులో నిద్రపోతాడు. ఆఫీసులో మనిషి నిద్రపోతే ఫైలు నిద్రపోతుంది. ఫైలు నిద్రపోతే దేశం నిద్రపోతుంది. కారణం చేతికి దొరికింది. కొండ దిగి వస్తూనే ఆయన 'నిశ్శబ్ద నిద్రోద్యమం' ప్రారంభించారు. రిపబ్లిక్ దినోత్సవం లోగా కోటిపాడును గురకరహిత పట్టణంగా ప్రకటించాలన్నది లక్ష్యం.

ముందు ఇంటింటి సర్వే జరిగింది. సిబ్బంది వీధరుగుల మీద కూర్చుని ఇంటి యజమానిని, మీరు గురకపెడతారా, మీ ఆడవారు గురకపెడతారా అని అడిగారు. భార్య కాఫీ గ్లాసు పట్టుకుని వెనకాలే నిలబడి ఉండగా రెండో ప్రశ్నకి ఔనని చెప్పగలిగిన మగాడు కోటిపాడులో ఇంకా పుట్టలేదు. దాంతో పట్టణంలో మహిళల గురక సున్నా శాతమని తేలింది. ఈ సంగతి రాజధానికి వెళ్ళింది. అక్కడివాళ్ళు అబ్బురపడి, మిగతా ఊళ్ళు కోటిపాడు మహిళలను ఆదర్శంగా తీసుకోవాలని ఆదేశాలిచ్చి, విభూషణరావుగారికి అద్దాల పెట్టెలో ఒక జ్ఞాపిక పంపించారు. దాన్ని ఆయన బల్లమీద, వచ్చినవాళ్ళకి కనిపించేటట్టు పెట్టుకున్నారు.

ఇక మిగిలింది మగవాళ్ళు. వాళ్ళందరిచేతా ఇకపై గురకపెట్టబోమని హామీపత్రాలు రాయించుకున్నారు. రాసిచ్చినవాడు రాసిచ్చినట్టే విముక్తుల్లో చేరిపోయాడు. వారం తిరిగేసరికి ఊరు దాదాపు బాగుపడింది. త్రిమూర్తులు కూడా సంతకం పెట్టాడు. అందరికంటే ముందే పెట్టాడు. కాని శబ్దం కొలిచే యంత్రం సైకిలుకి కట్టుకుని వీధులు తిరిగే ఏసుబాబు అనే ఉద్యోగి, టైలర్ గారి ఇంటి దగ్గర ముల్లు ఎర్రగీత దాటి అవతల పడుతోందని రిపోర్టు ఇచ్చాడు. పైగా ఈ ఏసుబాబుకి పెళ్ళి చొక్కా కుట్టింది త్రిమూర్తులే. చెప్పడానికి వాడికీ మనసొప్పలేదు. కాని ముల్లు ముల్లే కదా.

విభూషణరావుగారు స్వయంగా దుకాణానికి విచ్చేశారు. త్రిమూర్తులు కొలతల టేపు మెళ్ళోంచి తీసి నిలబడ్డాడు. పట్టణ ప్రగతికి ఏకైక అవరోధముగా మీరు పరిణమించియున్నారని అధికారిగారు విచారం వెలిబుచ్చి, అయినా ప్రభుత్వం కఠినమైనది కాదనీ, ఉపకరణములు ఉచితముగా సమకూర్చబడుననీ సెలవిచ్చారు. పిండి గిన్నెతో అప్పుడే వచ్చిన తాయారు ఆ మాట వింది. ఆవిడ ఆనందం చెప్పనలవి కాదు. ముప్పై ఏళ్ళుగా తను ఒంటిచేత్తో చేస్తున్న వైద్యానికి ఇన్నాళ్ళకి ప్రభుత్వం తోడొచ్చింది.

"మొహమాటపడకండి. గవర్నమెంటోళ్ళు ఇత్తంటే పెట్టేసుకోండి," అంది మొగుడితో.

పెట్టుకున్నాడు. ముందు ముక్కుకి క్లిప్పు వచ్చింది. దానితో ఊపిరాడక నోరు తెరిచాడు. నోరు తెరిస్తే గురకొస్తుందని గడ్డానికీ నడినెత్తికీ కలిపి పట్టీ బిగించారు. పంటినొప్పి వచ్చినవాడిలా ఉన్నాడని తాయారు జాలిపడి, దీపం ఆర్పి, పడుకుని, గురక మొదలెట్టింది. ముల్లు కదల్లేదు, అంటే ఎర్రగీత అవతలే ఉండిపోయింది.

తర్వాత బంతి చొక్కా వచ్చింది. వెల్లకిలా పడుకుంటే గురక ఎక్కువట. అందుకని వీపు మీద జేబు కుట్టి అందులో రబ్బరు బంతి పెట్టాలి. మున్సిపాలిటీలో దీనికి టెండర్లు పిలిస్తే, ఊళ్ళో చొక్కా కుట్టేవాడు ఒక్కడే కాబట్టి పని త్రిమూర్తులికే వచ్చింది. ఆయన పనిమంతుడు. మంచి పాప్లిన్ గుడ్డ తీసి, జేబుకి రెండు వరసల కుట్టు వేసి, తన శిక్షకి తనే కొలతలు తీసుకుని కుట్టుకున్నాడు. దాని మీద పడుకుంటే దొర్లడమే గాని నిద్ర లేదు. పక్కన తాయారు రెండు చేతులూ బార్లా చాపి, వెల్లకిలా, సుఖంగా పడుకునేది.

వీటన్నిటికీ తాత అనిపించింది చేతిపట్టీ. పెద్ద కంపెనీ సరుకు. గురక చెవిన పడగానే కట్టుకున్నవాడి మణికట్టు మీద చురుక్కుమనిపిస్తుంది. కట్టింది త్రిమూర్తులికి. వినిపించేది తాయారు గురక. గురక ఊపందుకున్నప్పుడల్లా ఆయన చెయ్యి చేపలా ఎగిరిపడేది. ఆగినప్పుడు ఆయన కూడా ఆగి, ఈల కోసం ఊపిరి బిగబట్టుకునేవాడు. పట్టీ తీసి పక్కన పెడదామంటే దానికి తాళం ఉంది, తాళంచెవి మున్సిపాలిటీలో ఉంది. పగలు దుకాణంలో ఆ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉండేది. ఒక పెద్దమనిషి చొక్కాకి చేతులు రెండూ ఒకే వైపు కుట్టేశాడు. ఆ పెద్దమనిషి గొడవపడకుండా, ఇది కూడా ఉద్యమంలో భాగం కాబోలనుకుని తీసుకుపోయాడు.

పట్టీ అద్భుతంగా పనిచేయుచున్నదనీ, రోగికి ఇన్ని వందల చురకలు విజయవంతముగా అందజేయబడినవనీ విభూషణరావుగారు పైకి నివేదిక పంపారు. కాని ఇంటి ముందు ముల్లు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఉపకరణములకు లొంగని గురక అని దానికి పేరుపెట్టి, త్రిమూర్తులిని శిబిరంలో చేర్చాలని నిర్ణయించారు.

శిబిరం కల్యాణ మండపంలో పెట్టారు. రోగి ఒక్కడు, సిబ్బంది మాత్రం రెండువైపుల పెళ్ళివారంత మంది. పెళ్ళిపీటలు ఉండాల్సిన చోట ఇనుప మంచం వేసి, నాలుగు పక్కలా నాలుగు యంత్రాలు పెట్టి, దానిమీద త్రిమూర్తులిని పడుకోబెట్టారు. బయల్దేరేటప్పుడు తాయారు స్టీలు డబ్బా నిండా పచ్చడి పెట్టిచ్చి, ధైర్యం చెప్పింది. మీరు బాగుపడి వచ్చేత్తే చాలు, మనిద్దరం హాయిగా పడుకుందాం అంది. ఆ మాటకి త్రిమూర్తులికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అక్కడ ఆయన ఒక్క గురక కూడా పెట్టలేదు. పెట్టకపోవడంలో వింత లేదు, అసలు నిద్రే పోలేదు. అంత పెద్ద మండపంలో చీమ చిటుక్కుమనదు. సిబ్బందికి దగ్గొచ్చినా బయటికి వెళ్ళి దగ్గి వస్తున్నారు. ఆ నిశ్శబ్దం చెవుల్లో గింగురుమంటుంటే ఆయన కళ్ళు తెరుచుకుని, తాయారు ఈపాటికి మూడో ఈల వేసి ఉంటుంది అనుకుంటూ పడుకునేవాడు. యంత్రాలు నాలుగూ సున్నా చూపించాయి. విభూషణరావుగారి కళ్ళు చెమర్చాయి. త్రిమూర్తులిని సంపూర్ణ గురక విముక్తుడిగా ప్రకటించి, కళ్ళు లోతుకి పోయిన ఆయన ఫొటోని 'నేను బాగా నిద్రపోతున్నాను' అనే మాటలతో కూడలిలో కట్టించారు. ప్రకటన సభకి రాజధాని నుంచి ముఖ్య అతిథిని పిలిచారు.

సరిగ్గా అప్పుడు ఏసుబాబు వచ్చి చేతులు నలుపుకుంటూ ఒక మాట చెప్పాడు. టైలర్ గారు శిబిరంలో ఉన్నారు గాని, టైలర్ గారి ఇంట్లో గురక ఇంకా వస్తోందండి అన్నాడు. ఇంట్లో ఎవరున్నారని అధికారిగారు అడిగారు. ఆవిడ ఒక్కరేనండి అన్నాడు. అయితే ఎవరూ లేరన్నమాట అని విభూషణరావుగారు నిర్ధారించారు. మహిళల గురక సున్నా శాతం. జ్ఞాపిక కళ్ళెదురుగానే ఉంది.

మనిషి లేనిచోట గురక ఎలా వస్తుందన్న విషయం పరిశీలించడానికి నిపుణుల సంఘాన్ని వేశారు. సంఘం ఇంటిని చుట్టి చూసి, గోడలు తట్టి చూసి, తాయారు పెట్టిన దోసెలు తిని, తన అభిప్రాయం ప్రకటించింది. మట్టిగోడలకు శబ్దమును పీల్చుకొను గుణము కలదు. ముప్పది సంవత్సరముల గురక పడమటి గోడలో నిక్షిప్తమై యున్నది. పీల్చుకొనుటకు ఇక చోటు లేనందున గోడ దానిని విడుదల చేయుచున్నది.

కారణం తెలిశాక చికిత్స ఎంతసేపు. మనిషికి ఏమేం చేశారో గోడకీ అవన్నీ క్రమంగా చేశారు. నిబంధనల్లో చికిత్సకి వరస ఉంది, ఆ వరస తప్పకూడదు. మొదట వంటింటి పొగగొట్టానికి క్లిప్పు పెట్టారు. తర్వాత ఇంటి చుట్టూ, చూరు నుంచి అరుగు దాకా పెద్ద నవారు పట్టీ బిగించారు. గోడ వెనక్కి ఒరగకుండా పెరటివైపు లారీ టైర్లు కుట్టిన పరదా వేలాడదీశారు. కిటికీ ఊచకి చేతిపట్టీ కట్టి తాళం వేశారు. పిండికోసం వచ్చే ఆడవాళ్ళు నవారు కింద నుంచి వంగి రావాల్సి వచ్చేది. తాయారు వాళ్ళకి గర్వంగానూ విసుగ్గానూ చెప్పేది, ఈయన గురక ఎలాంటిదనుకున్నారు, గోడకి కూడా అంటుకుంది అని.

గోడ లొంగలేదు. శిబిరంలో పెడదామంటే గోడ కదలదు. కాబట్టి పడగొట్టడమే మిగిలింది. సన్మాన సభ ముగిసిన వెంటనే ముఖ్య అతిథి అమృత హస్తాలతో మొదటి గునపం పోటు వేయించాలని కార్యక్రమం ఖరారైంది. గునపానికి పసుపు రాసి రిబ్బను కూడా కట్టారు.

కూలగొట్టే ముందు, గోడలో ఉన్న గురక రోగిదేనని రోగి ధ్రువీకరించాలి. అది లేకపోతే ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరు. సభ రోజు ఉదయం త్రిమూర్తులిని జీపులో ఇంటికి తీసుకొచ్చారు. నవారు చుట్టిన తన ఇంటిని చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. పడమటి గోడకి ఆనుకునే తాయారు గ్రైండరు ఉంది. ఆ గోడ పోతే ఆవిడ వ్యాపారం ఎండలో పడుతుంది. చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. తాయారు కొత్త చీర కట్టుకుని, మొగుడి సన్మానం చూడబోతున్న సంబరంతో ఎదురొచ్చింది. గోడ పోతే మళ్ళీ కట్టుకోవచ్చు, ఆ మొహం వాడిపోతే మళ్ళీ తేలేను అనుకుని నోరు మూసుకున్నాడు.

వసారాలో కుర్చీ వేసుకుని విభూషణరావుగారు సైగ చేశారు. రాత్రి ఈ గోడ దగ్గర రికార్డు చేసిన చప్పుడు వినిపించడానికి ఏసుబాబు యంత్రం మీట నొక్కాడు.

మొదట సన్నగా వినిపించింది. తర్వాత మిల్లు పట్టా ఊపందుకుంది. టక్కున ఆగింది. వసారాలో అందరూ ఊపిరి బిగబట్టారు. చిన్న ఈల వచ్చింది. మళ్ళీ మొదలు.

"ఇందు వినవచ్చుచున్న గురక మీదియేనని అంగీకరించుచున్నారా?" అని అధికారిగారు అడిగారు.

"నాదేనండి," అన్నాడు త్రిమూర్తులు, పెళ్ళి మూడోనాడు అన్నట్టే.

తాయారు చేతిలో అధికారిగారికి తెచ్చిన మజ్జిగ గ్లాసు ఉంది. అది అలాగే ఉండిపోయింది. ఇంకోసారి పెట్టు నాయనా అని ఏసుబాబుని అడిగింది. వాడు పెట్టాడు. ఆగి, ఈల వచ్చేసరికి ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"ఇది మా అమ్మండి," అంది.

చిన్నప్పుడు మా అమ్మ పక్కన పడుకుని ఇది వింటానే నిద్రపోయేదాన్ని, ఈల వచ్చేవరకూ భయమేసేది, వచ్చాక నవ్వొచ్చేది అని ఆవిడ తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. మా అమ్మ పోయి పదేళ్ళయింది, మళ్ళీ ఇన్నాళ్ళకి విన్నాను అంది. విభూషణరావుగారు చురుగ్గా ముందుకి వంగి, గతించిన అత్తగారి గురక కూడా ఈ గోడయందు జమ అయి ఉన్నదా, ఆమె ఎప్పుడైనా ఇచ్చట నిద్రించెనా అని విచారించారు. తాయారు వినిపించుకోలేదు. ఆవిడ మొగుడి వైపు చూస్తోంది. త్రిమూర్తులు నేల వైపు చూస్తున్నాడు. వసారా, చాపల వరస, ముసుగు మీద చెయ్యి వేసిన మేనత్త, ఆ రాత్రి అమ్మ ఒలకబోసిన నెయ్యి, అన్నీ ఆవిడకి ఒక్కసారే అర్థమయ్యాయి.

"గోడది కాదండి, ఈయనదీ కాదు. గురక నాది. మా అమ్మది నాకొచ్చింది," అంది అధికారిగారితో.

విభూషణరావుగారు నిదానంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. అమ్మా, మీరు మహిళ. కోటిపాడు మహిళలు గురకపెట్టరని ప్రభుత్వము వారు నిర్ణయించియున్నారు. జ్ఞాపిక కూడా వచ్చియున్నది. భర్తపై గల ప్రేమాతిశయముచే మీరిట్లు పలుకుట శ్లాఘనీయమే గాని, దీనిని పరిగణనలోకి తీసుకొనుటకు వీలుపడదు. గోడ పడగొట్టక తప్పదు. ఇంతమాట చెప్పి మజ్జిగ తాగి, జీపెక్కారు. త్రిమూర్తులిని కూడా ఎక్కించుకుపోయారు. ఆలుమగలకి ఒక్క మాట మాట్లాడుకునే వ్యవధి లేకపోయింది. తాయారు మొహం ఆయనకి సరిగ్గా కనిపించనే లేదు. దారంతా అదే బెంగ.

సభ మధ్యాహ్నం భోజనాలయ్యాక, అదే కల్యాణ మండపంలో. వేదిక మీద ముఖ్య అతిథి, ఆయన పక్కన విభూషణరావుగారు, ఆ పక్కన సన్మానితుడు, సన్మానితుడి పక్కన ధర్మపత్ని. త్రిమూర్తులు శాలువా కప్పుకుని, దండ వేసుకుని, కళ్ళు మూతలు పడక, మంట పుట్టి, ఎవరికో సంబంధించిన సభలా చూస్తున్నాడు. తాయారు పక్కనే ఉన్నా తల తిప్పి చూసే ధైర్యం లేదు. ముఖ్య అతిథి ప్రసంగం మొదలైంది. నిశ్శబ్దమే జాతి సంపద అన్నారు. గురక నిన్నటిది, మౌనం రేపటిది అన్నారు. తెల్లవారుజామున లేచి ఇన్ని శేర్ల పప్పు రుబ్బి, పులిహోర కడుపునిండా తిని, పంకా కింద మెత్తటి కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ ప్రసంగం ఎలా పనిచేస్తుందో తాయారుకి తెలుసు. ఆవిడ కాళ్ళు చాపుకుంది. తల వెనక్కి వాల్చింది. పక్కనున్న మైకు తన వైపు తిప్పుకుంది.

"ఇదిగోండి, నాదే. చూడండి," అని మొగుడితో మెల్లిగా అని, కళ్ళు మూసుకుంది.

మొదట సన్నగా మొదలైంది. ముఖ్య అతిథి ప్రసంగం కొనసాగించారు. పట్టా ఊపందుకునేసరికి మండపం రేకులు అదిరాయి. నాలుగు మూలలా ఉన్న యంత్రాల ముళ్ళు ఎర్రగీతలు దాటి అవతలి గట్టుకి కొట్టుకున్నాయి. టక్కున ఆగింది. సభంతా ఊపిరి బిగబట్టింది, ముఖ్య అతిథి కూడా వాక్యం మధ్యలో ఆగిపోయారు. లౌడుస్పీకర్లలోంచి చిన్న ఈల వచ్చింది. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఒక నవ్వు లేచింది. ఇంకొకావిడ, నాక్కూడా ఇలాగే వత్తాదంట అని పైకే అనేసింది. ఆ పక్కావిడ మా ఆయన చెప్పలేదు గాని నాదీ అంతేనేమో అంది. మగవాళ్ళు సర్వేనాడు చూసినట్టే ఎటో చూశారు.

ఈ శబ్దం ఏమిటని ముఖ్య అతిథి అడిగారు. విభూషణరావుగారు లేచారు. ఆయన మొహంలో జ్ఞాపిక పగిలిన చప్పుడు కనిపించింది గాని, ఉద్యోగంలో ముదిరిన మనిషి, తమాయించుకున్నారు. తమరి రాకకు జంకి పడమటి గోడలోని గురక తావు విడిచి సభాస్థలికి తరలివచ్చినదని విన్నవించుకున్నారు. కావున గోడ ఇక నిర్దోషి యని, గునపము అవసరము లేదని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు. నవారు విప్పించి, దాన్ని ఈ మండపానికి బిగించే ఏర్పాట్లు చూడమని ఏసుబాబుని ఆదేశించారు. ముఖ్య అతిథి సంతృప్తిపడి చప్పట్లు కొట్టారు.

ఇదంతా చూడడానికి సన్మానితుడు లేడు. అంటే ఉన్నాడు గాని, రెండో ఈలకే నిద్రపోయాడు. మెళ్ళో దండతో, భార్య భుజం మీదికి తల వాలిపోయి, ముక్కు చప్పుడైనా లేకుండా, ఎన్ని రోజుల నిద్రో ఒక్కసారిగా పోతున్నాడు. జ్ఞాపిక ఇవ్వడానికి లేపబోతే లేవలేదు. కూడలిలో ఫొటో కింద రాసిన మాట ఆ ఒక్క పూటా నిజమైంది. సభ ముగిసి, కుర్చీలు ఎత్తేస్తుంటే, ఏసుబాబే వాళ్ళిద్దరినీ మెల్లిగా లేపి ఆటో ఎక్కించాడు.

ఆటోలో తాయారు ఆయన మణికట్టు మీద పట్టీ కాల్చిన మచ్చలు చూసి, తన అరచెయ్యి వాటి మీద పెట్టింది.

"ముప్పై ఏళ్ళు మోశారు. ఇక చాలు. నా గురక నేనే పెట్టుకుంటాను," అంది. ఆటో దుకాణం దాటుతుంటే, "బోర్డు మార్పించండి," అంది.

"బోర్డు జోలికెళ్ళకు. గిరాకీ పోద్ది," అన్నాడు త్రిమూర్తులు.

మర్నాడు ఆదివారం. దుకాణం లేదు, పిండి లేదు. మధ్యాహ్నం అన్నాలు తిని, పడమటి గోడ పక్కన చాప వేసుకుని ఇద్దరూ నడుం వాల్చారు. త్రిమూర్తులు కళ్ళు మూసుకుని ఎదురు చూశాడు. ఎంతకీ ఏమీ వినపడలేదు. కళ్ళు తెరిచి చూస్తే తాయారు కొయ్యలా బిగదీసుకుని, రెండు పెదాలూ గట్టిగా మూసుకుని, చూరు వైపు చూస్తూ పడుకుని ఉంది.

"పడుకోవేంటి?"

"సిగ్గేత్తందండి," అంది.

త్రిమూర్తులు బట్టలు కుట్టేవాడే గాని మాటలు అల్లేవాడు కాదు. వెల్లకిలా తిరిగి, నోరు తెరిచి, గట్టిగా ఊపిరి లాగి, గురకపెట్టాడు. ఊరంతా గురక టైలరని పిలిచే మనిషి ఆ పని చెయ్యబోవడం అదే మొదలు. అది గురకలా లేదు. ఎక్కడో మేక దగ్గినట్టుంది. చివర ఈల కోసం ప్రయత్నిస్తే గాలి తప్ప రాలేదు.

తాయారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పెళ్ళి మూడోనాటి నవ్వు నవ్వింది. ఇదేం గురకండీ, ఇన్నేళ్ళూ పక్కన పడుకుని ఇంతేనా మీరు నేర్చుకున్నది, అసలు మొదట సన్నగా ఎత్తుకోవాలి, తర్వాత మెల్లిగా... అని చెబుతూ చెబుతూనే ఎత్తుకుంది. త్రిమూర్తులు ఈల దాకా ఆగాడు. వచ్చింది. పక్కకి తిరిగి పడుకున్నాడు.